చివరి ఇంటి కుళాయి

మా ఇంట్లో కుళాయి నీళ్ళు తాగడం దాహానికి కాదు, విశ్వాసానికి గుర్తు. మా మామగారు నీటి సరఫరా ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా చుట్టపుచూపుగా వచ్చి నీళ్ళ సీసా సంచిలోంచి తీశారా, అయిపోయారన్నమాటే. ఆయన లేచి, కుళాయి తిప్పి, గ్లాసు నింపి, కిటికీ వెలుతురులో ఒకసారి చూపించి గటగటా తాగేసేవారు. "ప్రభుత్వం ఇచ్చే నీళ్ళు. ఇంతకంటే ఏం కావాలి?" అనేవారు. వచ్చినవాళ్ళు సీసా మళ్ళీ సంచిలో పెట్టేసుకునేవారు.

అదే ఆఫీసు లాబులో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన వీధంతా చెప్పుకున్నారు. పని పెద్ద కష్టమేమీ కాదు. గోడకి ఒక జాబితా అంటించి ఉంటుంది. అందులో ఎనిమిది కుళాయిలు. రోజూ వాటి దగ్గర నీళ్ళు పట్టుకుని, చిన్న గాజు గొట్టంలో పోసి, మాత్ర వేసి ఊపాలి. క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది, లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. నేను చేరిన ఆరేళ్ళలో ఎనిమిదీ ఏనాడూ గులాబీ తప్పలేదు. ఆ ఎనిమిదోదాని పేరు 'చివరి ఇల్లు'. ఊరి నడిబొడ్డున, మందుల షాపు పక్కన ఉండే ఇల్లది. దానికా పేరెందుకో నేనూ అడగలేదు, నాకంటే ముందు చేసినవాళ్ళూ అడగలేదు.

నా బట్టలు కుట్టే ఆవిడ ఉండేది ఊరి నీళ్ళ గొట్టం ఆఖరున, తోక వీధి అని పిలిచే చోట. ఒకరోజు కుట్టిన బట్టలతోపాటు ఒక సీసా కూడా నా చేతిలో పెట్టింది. "అక్కా, నెలలో పిల్లలిద్దరికీ మూడుసార్లు కడుపులు పాడయ్యాయి. చూసిపెట్టవా?" అంది. మాత్ర వేశాను. ఊపాను. ఇంకో మాత్ర వేశాను. రంగు రాలేదు. మర్నాడు ఆ వీధికే వెళ్ళి మరో మూడిళ్ళలో పట్టాను. అదే తంతు.

మా ఆఫీసు ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. మా మామగారి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ కుళాయిలు జాబితాలో లేవన్నాడు. జాబితాలో లేనివి రిపోర్టులోకి ఎలా వస్తాయన్నాడు. శనివారం ప్రజల సభలో ఊరి నీళ్ళు నూటికి నూరుపాళ్ళు మంచివని చదవాలిట, రిపోర్టు అచ్చయిపోయింది కూడా. చివర్లో గొంతు తగ్గించి, "ప్రభుత్వ జీతం తీసుకుంటూ ప్రభుత్వానికి చెడ్డపేరు తేవడం బాగుండదు మేడం. మెమో నా చేత ఇప్పించకండి" అన్నాడు.

ఆ సభలో లేచి చెప్పేద్దామని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను. భోజనాల దగ్గర ఆ మాటే అన్నాను. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. మామగారు తినడం ఆపేశారు.

"ఇంటి మాట వీధిలో పెడతావా అమ్మాయ్?"

"వీధి మాటే మామయ్యగారూ. నేను ఇంట్లో పెట్టాను, అంతే."

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. తప్పులుంటే లోపల చెప్పుకోవాలని, నలుగురిలో చెబితే అది ద్రోహమని, తన కాలంలో ఒక్కడూ ఆఫీసు గురించి పల్లెత్తు మాట అనలేదని చాలాసేపు చెప్పారు. చెప్పి చెప్పి గొంతెండిపోయి పక్కనున్న చెంబు ఎత్తారు. అప్పుడు మా అత్తగారు తాపీగా అంది, "అవి కాచినవే. మీకు జబ్బు చేసిన ఏడాది నుంచీ కాచి చల్లార్చే పోస్తున్నాను."

చెంబు గాలిలోనే ఆగిపోయింది.

"చుట్టాల ముందు మీరు తాగేది తప్ప, అన్నీ కాచినవే."

"అయితే నువ్వూ ప్రభుత్వానికి వ్యతిరేకమేనా?"

"నేను మీ కడుపుకి అనుకూలం" అంది అత్తగారు, గిన్నెలు సర్దుకుంటూ.

మా ఆయనకి పొలమారింది. మామగారు మాత్రం నవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే అత్తగారితో, "మీ కోడలికి చెప్పు" అనేవారు. నేను పక్కనే ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, మెమో కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఊరుకుంటే పోదా అని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. అనుకున్నప్పుడల్లా ఆ సీసా గుర్తొచ్చేది.

శుక్రవారం సాయంత్రం సభలో చెప్పాల్సింది రాసుకుందామని జాబితా నకలు ఇంటికి తెచ్చాను. బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళి వచ్చేసరికి మామగారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చూస్తున్నారు. నకలుకి నకలు తీసీ తీసీ అక్షరాలు చెదిరిపోయిన కాగితం అది.

"ఇది నేను రాసింది" అన్నారు. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. తర్వాత, "చివరి ఇంటికి ఎక్కడికి వెళ్తున్నారు?"

"మందుల షాపు పక్కింటికి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పట్లో ఊరికి నాలుగే వీధులని, ఆ ఇల్లు దాటితే పొలాలేనని చెప్పారు. గొట్టం చివర నీళ్ళు బాగుంటే మధ్యలో అన్నీ బాగున్నట్టేనని అలా రాశారట.

"నేను రాసింది చివరి ఇంటికి వెళ్ళమని. ఆ ఇంటికి కాదు. ఇన్నేళ్ళలో ఒక్కడైనా మార్చలేదా?"

"పెద్దసారు రాసిన జాబితా ఒకటుందని ఆఫీసులో అంటూ ఉంటారు. ఇదేనని నాకు తెలీదు. తెలిసినవాళ్ళు మీమీద గౌరవంతో ముట్టుకోలేదేమో."

"గౌరవం" అన్నారాయన. కాగితాన్ని నా వైపు జరిపారు.

మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. గాజు గొట్టాల పెట్టె తెమ్మన్నారు. మోకాళ్ళ నొప్పితో రెండుచోట్ల అరుగుల మీద కూర్చుంటూ తోక వీధికి నాతో నడిచారు. ఆరిళ్ళలో నీళ్ళు పట్టించారు. ప్రతి గొట్టాన్నీ, చుట్టాలకి గ్లాసు చూపించినట్టే, వెలుతురుకి ఎత్తి చూశారు. ఒక్కదానికీ రంగు రాలేదు. కుట్టుపని ఆవిడ ఆయనకి కుర్చీ వేసి, నీళ్ళు ఇవ్వాలా వద్దా అని తటపటాయించింది. ఆయన అది గమనించి తల దించుకున్నారు.

సభలో ఇంజనీరుగారు నూటికి నూరు అని చదవగానే లేచాను. తోక వీధి అంకెలన్నీ చెప్పాను. వెనక నుంచి ఎవరో, జీతం ప్రభుత్వానిది, పాట ఎవరిదో అన్నారు. కొందరు నవ్వారు.

మామగారు కర్ర ఊతంగా లేచారు. హాలు సద్దుమణిగింది. సగం మందికి ఆయన తెలుసు.

"ఆ జాబితా నాది. నేను రాసిన రోజున అది సరైనదే. ఇవాళ తప్పు. ఈ అమ్మాయి ప్రభుత్వాన్ని తిట్టడం లేదు, నేను చెప్పిన పనే చేస్తోంది. చివరి ఇంటిదాకా వెళ్ళింది." ఇంజనీరు వైపు తిరిగి, "బాబూ, నా పేరు కాపాడాలంటే ఆ కాగితం గోడ మీంచి తియ్యి" అన్నారు.

ఇంజనీరుగారు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం నాకు మెమో ఇచ్చాడు, అదీ నిజమే. సంజాయిషీతోపాటు ఇరవై కుళాయిల కొత్త జాబితా జతచేసి ఇచ్చాను. సంజాయిషీ ఇంకా ఫైల్లోనే ఉంది. జాబితా మాత్రం గోడ మీదికి ఎక్కింది. ఆఖరి వరస మామగారే రాశారు: 'చివరి ఇల్లు. ఏ ఏటికి ఆ ఏడు వెతికి పట్టుకోవాలి.'

తోక వీధి మలుపులో మురుగుకాలవ కింద గొట్టం పగిలి ఉందని తెలిసింది. బాగుచెయ్యడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆ వీధి నీళ్ళు ఇంటికి తెచ్చి ఆయన ముందే మాత్ర వేశాను. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఇది గులాబీయేనంటావా?"

"లేత గులాబీ."

"చాలదు. రేపు ఇంజనీరుకి చెప్పు. వినకపోతే మళ్ళీ సభ ఉందిగా" అన్నారు. ఆ తర్వాత వంటింటి వైపు చూసి, "నువ్వు నీళ్ళు కాస్తూనే ఉండు" అన్నారు అత్తగారితో.