సవతి బిళ్ల

మా అల్లుడు లింగం సిగ్గూ శరమూ లేకుండా గడప దాటి వచ్చి, నా బిడ్డ బొమ్మతో సవతి బిళ్ల చెయ్యమని నా మొగుణ్ణే అడిగాడు. సుమిత్ర పోయి ఏడాది తిరగలేదు. అప్పటికే ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

"కొత్త పిల్లకు జరం తగ్గుతలేదు మామా. సుమిత్రకు కోపమొచ్చిందంటున్నరు. నీ చేత్తోని చేస్తె శాంతిస్తది."

మా దిక్కు రెండో పెళ్లాం మెడలో, చనిపోయిన మొదటి పెళ్లాం బొమ్మ ఉన్న వెండి బిళ్ల కడతారు. కొత్త చీరైనా, కుంకుమైనా ముందు ఆ బొమ్మకు పెట్టాకే తను ముట్టాలి.

సుమిత్రకు కోపం రాదా మరి? చెరుకు కోతల రోజుల్లో నా బిడ్డకు నొప్పులొచ్చాయి. వాళ్లింటికున్న ఒక్క ఎడ్లబండీ చెరుకుతో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు వరసలో ఉంది. కబురు పోయినా వీడు బండి తియ్యలేదు. తీస్తే వంతు పోతుందట! తల్లీ పిల్లా ఇద్దరూ పోయారు.

నా మొగుడు ఆత్మారాం నిజామాబాద్ బజారులో పేరున్న అవుసలి. సర్కారు బంగారం పని మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి వెండి పనే మిగిలింది. సవతి బిళ్లలకు అతని దగ్గర ఒక ఇత్తడి అచ్చు ఉండేది. రేకు పెట్టి దెబ్బ వేస్తే ఆడమనిషి మొహం దిగేది. ఎవరి పెళ్లాం చచ్చినా అదే మొహం. ఇదేమిటని ఎవరూ అడిగింది లేదు.

"నా బిడ్డకు అచ్చు వద్దు. దాని మొహమే దియ్యి," అన్నాను. మా ఇంట్లో సుమిత్ర ఫోటో ఒక్కటి కూడా లేదు.

లక్క మీద రేకు పరిచి, వెనక నుంచి సన్న ఉలితో కొడితే ముందు వైపు మొహం లేస్తుంది. కళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది. చెంప దగ్గర సుత్తి ఆగిపోయింది.

"పుట్టినకాన్నుంచి గీ చెంప మీద చెయ్యి లేపలేదే నేను," అని ఏడ్చాడు. ఏడుస్తూనే కొట్టాడు. చిన్నప్పుడు కొలిమి నిప్పురవ్వ పడి గడ్డం కింద మిగిలిన మచ్చ కూడా దింపాడు. తిప్పి చూపిస్తే నా సుమిత్రే, నవ్వు ఆపుకుంటూ.

ఇక దాన్ని ఎట్లా ఇవ్వను? కొంగున ముడేసుకున్నాను.

"వానికి అచ్చుదే ఇయ్యి. గది సుమిత్ర కాదని వాడు గుర్తువడితె, అసలుది నేనే ఇస్త."

"మొండిదానివే నువ్వు," అన్నాడు కానీ, అచ్చు బయటికి తీశాడు. వాడు గుర్తుపట్టాలనే నేను కోరుకున్నాను. ఎంతైనా దానితో కాపురం చేసినవాడు కదా.

లింగం కొత్త పెళ్లాం రాధాబాయిని వెంటపెట్టుకొని వచ్చాడు. పిల్ల జ్వరంతో పీక్కుపోయింది, పైగా కడుపుతో ఉంది. వాడు అచ్చు బిళ్లను వెలుగులో పెట్టి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"సుమిత్రనే మామా! గదే నవ్వు! ఏం చెయ్యి నీది!"

వాడు బిళ్లను పిల్ల మెడలో కట్టాడు. ఆమె దాన్ని వేలితో తడిమి నా వైపు చూసింది.

"ఆమెకు గదువ కింద మచ్చ ఉండెనంట గదా అవ్వా? వాడకట్టోళ్లు చెప్పిండ్రు."

"మచ్చనా? ఏం లేదు," అన్నాడు లింగం.

ఆత్మారాం తల వంచుకున్నాడు. నేను కొంగుముడి విప్పాను. ఇవ్వడానికి మనసు రాలేదు. అయినా ఆ అచ్చు బిళ్ల తీసేసి, నా బిడ్డను ఆ పిల్ల మెడలో కట్టాను.

"గిదీ సుమిత్ర. నొప్పులొస్తె వీని బండి కోసం సూడకు బిడ్డా. ఎవల బండి దొరికితె గది ఎక్కి దవాఖానకు పో."

లింగం రెండు బిళ్లలనూ మార్చి మార్చి చూశాడు.

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్ గదత్తా. ఎందుకు మార్సినవ్?"