కొబ్బరాకు కట్టిన పొయ్యి

కుళాయి దగ్గర లోసేన చెప్పిందట, మా ఆడపడుచు నాకు చెప్పింది. తితిలియా తన రొట్టెల పొయ్యికి కొబ్బరాకు కట్టిందట. పై నెలలో మా ఊరి దొర రాతుగారి కొడుకు పెళ్ళికి ఊరంతటికీ కొబ్బరిపాల రొట్టెలు పెడుతుందట. ఇంట్లో పిండి ఒక బస్తా కాదు, మూడున్నాయట. రాజధాని సువాలో ఉన్న చుట్టమెవరో పంపించారట.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. తితిలియా నా తోడికోడలు. మా రెండిళ్ళకీ మధ్య ఒక సీమపనస చెట్టే అడ్డం. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బస్తా అనీ, అదీ అడుగుకి దిగిపోయిందనీ నాకు తెలుసు. ఎలా దిగిందో కూడా తెలుసు. అందులో నా చెయ్యీ ఉంది.

సవుసవు పట్నం వెళ్ళే బస్సు మా ఊరికి తెల్లవారి ఐదున్నరకి వస్తుంది. పై ఊళ్ళ ఆడవాళ్ళు కర్రపెండలం మూటలు, చేమదుంపల కట్టలు వేసుకుని ఖాళీ కడుపులతో అందులో కూర్చుని ఉంటారు. పట్నం చేరాక గానీ వాళ్ళ నోట్లో ఏమీ పడదు. అది చూసి తితిలియాకి ఆలోచన పుట్టింది. "ఎనిమిదింటికి అక్కడ కొనుక్కునే రొట్టె ఐదున్నరకి మన దగ్గరే కొనుక్కోరా అక్కా?" అంది. కొంటారన్నాను. అంతకంటే నేనేం చెప్పను?

డీజిల్ డ్రమ్ము ఒకటి ఒడ్డున తుప్పు పడుతుంటే వాళ్ళాయన ఇలైతియా దాన్ని కోసి, ఇంటి వెనక ఇసక కట్టలో అడ్డంగా పాతిపెట్టాడు. కిందా పైనా కొబ్బరి పీచు మంట. కొబ్బరికాయలు పెరట్లోవే. పిండికీ, చక్కెరకీ, ఈస్టుకీ మాత్రం డబ్బు కావాలి. దాని దగ్గర ఉన్నది ఒకే ఒక్క మొగలి చాప, అంచున రంగు ఉన్ని కుచ్చులతో ఎనిమిది నెలలు అల్లింది. చావుకో పెళ్ళికో నలుగురిలో పరవాల్సిన చాప. దాన్ని చుట్టి చంకన పెట్టుకుని పట్నం పోయి అమ్మేసింది. ఇలైతియా రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మొదటి రోజు నలభై రొట్టెలు కాల్చింది. వాసన సీమపనస చెట్టు దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. "రెండివ్వవే, పిల్లలు లేచారు" అంటూ చేయి చాచింది నేనే. ఇచ్చింది. అయినవాళ్ళు అడిగితే మా ఊళ్ళో లేదనరు. అడగడం తప్పు కాదు, లేదనడం తప్పు. నా వెనక మామగారి తమ్ముడు ఐదు, పాస్టరు భార్య ఆరు, చర్చిలో పాటలు నేర్చుకునేవాళ్ళకని పన్నెండు, ఇంకా ఎవరెవరో. బస్సు దగ్గరికి చేరినవి పదకొండు. డ్రైవరు తలుపు వేసేలోపు ఆ పదకొండూ అమ్ముడైపోయాయి. "రేపు ఎక్కువ తేమ్మా" అని అతనే అరిచి చెప్పాడు.

బస్సులోవాళ్ళు కొనకపోతే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేది. కొంటున్నారు. అందుకే దానికి నిద్ర పట్టలేదు.

పది రోజులకి బస్తాలో చేయి పెట్టి చూపించింది. మోచేతి దాకా దిగాక గానీ పిండి తగల్లేదు. "ఇంక నాలుగైదు రోజులక్కా. ఈ మిగిలిన పిండి బస్సుకి చేరితే ఇంకో బస్తా వస్తుంది. చేరకపోతే ఆ డ్రమ్ము పందులకి తొట్టి."

"అడిగినవాళ్ళకి లేదని చెప్పవే."

"నువ్వు చెబుతావా?"

నేను పిల్లాడి ముక్కు తుడిచాను.

ఆ సోమవారం పొద్దున్న చూస్తే, డ్రమ్ము పక్కన ఒక కర్ర పాతి ఉంది. దానికి పచ్చి కొబ్బరాకు ముడివేసి ఉంది. కిందటేడు రాతుగారి తల్లి పోయినప్పుడు మేం చేపలు పట్టే పగడపు రీఫు మీద అలాంటి ఆకే కట్టారు. మూడు నెలలు ఒక్కరూ గాలం వేయలేదు, పిల్లలు కూడా పీతను ముట్టుకోలేదు. మా ఊళ్ళో పోలీసుకైనా ఎదురు చెబుతారు గానీ ఆ ఆకుకి ఎవరూ ఎదురు చెప్పరు.

"ఎవరు కట్టమన్నారే?"

"ఎవరూ అనలేదు. నేనే."

నాలుగు రోజులు నలభైకి నలభై బస్సెక్కాయి. ఒక్కరూ పొయ్యి వైపు రాలేదు. అయినా దాని మొహం విచ్చుకోలేదు. పిండి కలుపుతూ దారిలో అడుగుల చప్పుడైతే చేతులు ఆపేసేది.

"అడగట్లేదు సరే అక్కా, నన్ను చూసి నవ్వుతా పోతున్నారేంటి? నిన్న ఒక పెద్దామె నా భుజం తట్టి మంచి పని చేస్తున్నావంది."

అప్పుడు చెప్పాను, కుళాయి దగ్గరి మాట. పిండి చేతులతోనే కింద కూలబడింది. ఆకు కడితే ఎవరూ ముట్టుకోరన్నదే దానికి గుర్తుంది. ఆకు విప్పిన రోజున రీఫు చేపలన్నీ తెచ్చి ఊరంతా కూర్చుని తిన్నది గుర్తు రాలేదు. ఆకు కట్టారంటే ఊరి కోసం దాస్తున్నారనే అర్థం. బస్సుకి అమ్మేది కూడా పెళ్ళి ఖర్చుకేనని అందరూ అనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం కబురొచ్చింది, రాతుగారింటికి రమ్మని. ఆయన తరఫున మాట్లాడే అపిసాయ్ మామయ్య పెద్ద మాటకి ముందు దంచి నీళ్ళలో కలిపి తాగే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని బయల్దేరాడని కూడా తెలిసింది. అంటే ఊరికే పిలుపు కాదు.

ఇలైతియా చొక్కా వేసుకుంటూ అన్నాడు, "పెళ్ళికే అని చెప్పేద్దాం. పరువు దక్కుతుంది."

"బస్తా?"

"పోతే పోనీ."

"అయితే చాప కూడా పోయినట్టే" అంది తితిలియా. నడుస్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకుంది.

మగవాళ్ళు యంగోనా గిన్నె చుట్టూ, మేం తలుపు దగ్గర కూర్చున్నాం. రాతుగారు పై వైపున గోడకి ఆనుకుని ఉన్నారు. అపిసాయ్ అరచేతులు బోలుగా కలిపి మూడుసార్లు చరిచాడు. యంగోనా అందరికీ తిరిగింది. తర్వాత ఆయన మాట మొదలుపెట్టాడు. ఇంత చిన్న ఇంటి కోడలు ఇంత పెద్ద మనసు చేసుకుందన్నాడు. మా తాతల పేర్లు చెప్పాడు. "పెళ్ళికొడుకు ఇప్పట్నుంచే నడుముకి తాడు వదులు చేసుకుంటున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కన లోసేన అందరికంటే ఎక్కువ నవ్వింది.

"మరి ఆకు ఏ రోజు విప్పుతావో చెప్పు, కోడలా. విందుకి పందుల్ని చూసుకోవాలి."

కోడలిని అడిగినా, అక్కడ జవాబు మగవాడే చెప్పాలి. ఇలైతియా చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"పెళ్ళికి కాదు మామయ్యా" అంది తితిలియా. "ఎవరికీ దాచట్లేదు. అమ్ముకోవడానికే కట్టాను. మీరందరూ అడుగుతుంటే లేదనలేక కట్టాను. తప్పే. తప్పుకి ఏం తెమ్మంటే అది తెస్తాను, పిండి తప్ప."

నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నె వైపు చూశారు. రాతుగారు కళ్ళు మూసుకున్నారు. అపిసాయ్ తితిలియా వైపు చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో, అదే చూసి నాకు ఎక్కువ భయమేసింది.

"సరే. ఆకు ఇవాళే తీసేస్తావు."

"తీసేస్తాను."

"తీసేశాక రేపటినించి మేం వచ్చి అడుగుతాం కదా. అప్పుడేం చేస్తావు?"

"లేదంటాను."

"నేనొచ్చి అడిగినా?"

"మీకూ లేదంటాను మామయ్యా. డబ్బులు తెచ్చుకోండి."