వంద మాటల్లో మా ఇల్లు

ప్రతి సోమవారం మొదటి పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లలు కంప్యూటర్ గదికి వెళ్లి, తరగతి బ్లాగు కోసం తలా ఒక వ్యాసం రాస్తారు. భాష చెప్పే టీచరమ్మ వాటిని దిద్ది బ్లాగులో పెడుతుంది. దిద్దేటప్పుడు వ్యాసంలోంచి ఏది పోతే, ఎవరు తీసేసినా సరే, అది బయట కూడా ఉండదు. బ్లాగు మొదలుపెట్టిన నాటి నుంచీ అంతే. ఒకడి చేతి మీద పులిపిరి అలాగే పోయింది. ఇంకొకరి ఇంటి పక్కన మురుగు గుంట పోయింది. తల్లిదండ్రులు మార్కుల సంగతి అడిగినంత మామూలుగా ఈ సంగతీ అడిగేవాళ్లు.

"మావాడు ఈ వారం వాళ్ల నానమ్మ గురించి రాశాడండీ," అందొక కోడలు, గొంతు తగ్గించి. "మరీ సాగదీశాడేమో, కాస్త చూడండి."

"మనుషుల జోలికి నేను పోనమ్మా," అంది టీచరమ్మ.

నవ్వుతూనే అంది గానీ అది ఉత్తమాట కాదు. ఒకసారి ఒక పిల్లాడి దగ్గు కొట్టేస్తే, దగ్గుతో పాటు వాడి పాటా పోయింది. ఇప్పుడు వాడు ప్రార్థనలో ఉత్తినే పెదాలు కదుపుతూ నిలబడతాడు. అందుకే సొంత మొగుడు ఏడాదిగా ఊపిరాడక మంచాన పడి ఉన్నా, ఆమె ఆ జబ్బును కొట్టేసే పని చెయ్యలేదు. అదే తరగతిలో చదువుతున్న కూతురికి గట్టిగా చెప్పింది కూడా: "చెట్లూ పిట్టలూ ఎన్నైనా రాసుకో. మనింటి ఊసు ఎత్తావో, ఊరుకోను."

హెడ్‌మాస్టరుకు కొత్త పద్ధతులంటే మహా మోజు. "ఎంతకాలమని మీరే దిద్దుతారు టీచర్? ఒకరిది ఒకరు దిద్దుకుంటేనే కదా పిల్లలకు చదువొచ్చేది," అన్నాడాయన. పిల్లల్ని జతలు జతలుగా కూర్చోబెట్టాడు. వంద మాటల హద్దు పెట్టాడు. గంట కొట్టగానే వ్యాసాలు వాటంతటవే బ్లాగులోకి వెళ్లిపోతాయి, హద్దు దాటినంత మేరా అడుగు నుంచి తెగిపోతుంది. అంశం కూడా ఆయనే ఎంచాడు: 'మా ఇల్లు'.

"వద్దు సార్. ఇల్లంటే మనుషులుంటారు."

"మనుషులుంటేనే వ్యాసం రక్తి కడుతుంది," అని ఆయన టీ కప్పు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సోమవారం టీచరమ్మ కాళ్లు ఒకచోట నిలవలేదు. ప్రతి జత వెనకా నిలబడి, వంగి చూసి, పిల్లల చేతులు పట్టుకుని ఆపింది. "తాతయ్యను ఉంచు, సైకిలు తీసెయ్." "తమ్ముడు ఉండాలి నాన్నా, వాడెంత అల్లరోడైనా సరే." సొంత కూతురి దగ్గరకు అందరికన్నా చివర వెళ్లింది, ఎవరూ పక్షపాతం అనకూడదని. కూతురికి జతగా పడింది ఒక వాగుడుకాయ. ఆ పిల్ల పీరియడంతా కబుర్లు చెబుతూ ఒక్క ముక్క కూడా దిద్దలేదు.

తెర మీద మూడు పేరాలున్నాయి. మొదటిది కూతురి గురించి, రెండోది అమ్మ గురించి, అడుగున నాన్న. పక్కన మాటల లెక్క నూట ఇరవై చూపిస్తోంది.

"ఎందుకు రాశావే?" అంది టీచరమ్మ.

"నాన్న జబ్బును ఎవరైనా కొట్టేస్తారని," అంది పిల్ల తల దించుకుని. "నువ్వెలాగూ కొట్టెయ్యవు కదా."

కిటికీ అవతల అటెండరు గంట దగ్గరకు నడుస్తున్నాడు. టీచరమ్మ కూతుర్ని పక్కకు జరిపి కూర్చుంది. ముందు, 'ఇప్పుడు ఊపిరాడక పడుకునే ఉంటాడు' అన్న మాటలు తీసేసింది. దాంతో పాటు ఇంకేం పోతుందో ఆలోచించే తీరిక లేదు. అంకె ఇంకా నూరు దాటే ఉంది. అలాగే వదిలేస్తే తెగేది అడుగున ఉన్న మనిషే. ఒక్కో మాటా ఏరి తీసేంత సమయం లేదు. ఒక పేరా మొత్తం పోవాలి.

కూతురి పేరా వంక ఆమె చూడనైనా లేదు. తన పేరా మాత్రం ఒకసారి చదువుకుంది. 'మా అమ్మకు కోపం ఎక్కువ. కానీ నేను నిద్రపోయాననుకుని వచ్చి, నా జడ విప్పి, నుదుటి మీద ముద్దు పెట్టుకుంటుంది. నేను మెలకువగానే ఉంటాను.'

ఆమెకు చచ్చేంత భయమేసింది. ఇంకా బతకాలనిపించింది, ఈ పిల్ల పెద్దదవడం చూడాలనిపించింది. ఒక చెయ్యి కూతురి తల మీద వేసి, రెండో చేత్తో పేరా కొట్టేసింది.

గంట మోగింది.

"టీచరు లేని క్లాసు కదా అని గోల చెయ్యకండర్రా," అంటూ హెడ్‌మాస్టరు లోపలికొచ్చాడు. "ఈ టీచరు ఉద్యోగం ఎప్పటికి భర్తీ చేస్తారో ఏమో." పిల్లలు వరసలో బయటికి నడిచారు.

బడి వదిలే వేళకు గేటు దగ్గర కూతురి కోసం నాన్న నిలబడి ఉన్నాడు. ఆయాసం లేదు, నిటారుగా ఉన్నాడు. ఫోనులో బ్లాగు చదువుతున్నాడు.

"భలే రాశావే," అన్నాడు సంచీ అందుకుంటూ. "కానీ చటుక్కున అయిపోయిందేంటి? మధ్యలో ఇంకేదో ఉండాలేమో అనిపిస్తోంది."

"లేదు నాన్నా," అంది పిల్ల. "ఎక్కువైంది తీసేశాం."