చివరి ఖాళీ కార్డు

రేణిగుంట ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో సౌందరరాజన్ ఆ ఉదయం కొత్త షెల్ గురించి నోట్సు తిరగరాస్తున్నాడు. మనం టైపు చేసే ఆజ్ఞల్ని అందుకుని యంత్రం చేత పని చేయించేదే షెల్. పాతదానిలో పేర్ల జాబితా ఒకటో నంబరుతో మొదలయ్యేది. కొత్తదానిలోనూ అంతేనని ఎనభై తొమ్మిది ఏప్రిల్‌లో ఆయనే రాసి, సైక్లోస్టైలు తీయించి అందరికీ పంచాడు.

ఉదాహరణ కోసం ఇప్పుడు మూడు పేర్లు ఇచ్చి, ఒకటోది అడిగాడు. రెండో పేరు వచ్చింది. మూడోది అడిగితే ఏమీ రాలేదు. అనుమానంతో సున్నా అడిగాడు. మొదటి పేరు నింపాదిగా వచ్చి కూర్చుంది.

ఆయన చెవులు వేడెక్కాయి.

క్యాంటీన్ కార్డులు ఈ లెక్కనే అచ్చవుతున్నాయి. ప్రతి విభాగంలో మొదటివాడి కార్డు రాదు, చివర ఒక ఖాళీ కార్డు వస్తుంది. మొత్తం సరిపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు. ఆపరేటర్ పంకజాక్షి ఆ ఖాళీ కార్డు మీద మొదటివాడి పేరు చేత్తో రాస్తోంది. చేతిరాత కార్డులేమిటని నిన్ననే అందరి ముందూ ఆమెను కడిగేశాడు. శిక్షణ కాలం ముగుస్తున్న పిల్ల. ‘అజాగ్రత్త మనిషి, పర్మనెంటు చేయదగదు’ అని మేనేజరుకు రిపోర్టు కూడా పంపాడు.

"పంకజాక్షీ, జాబితా సున్నాతో మొదలవుతోందమ్మా."

"తెలుసు సార్. జూన్‌లోనే చెప్పినాను గదా. నోట్సు సూడమన్నారు."

"నా నోట్సు..."

"అందుకే ఇంగ మాట్లాడలేదు సార్. ఆ పొద్దు బాయిలర్ కాడ పన్జేసే కుప్పయ్య కార్డు లేక తినకుండానే పోయినాడు. ఖాళీ కార్డు ఎట్లాగూ మిగిలుండాది గదా అని రాసిచ్చినాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

ఆయన ఆఫీసుకు వెళ్లేసరికి మేనేజరు మునిరామయ్య ఆ రిపోర్టు మీద సంతకానికి పెన్ను తీస్తున్నాడు.

"ఆగండి. తప్పు నాది."

"ఏం స్వామీ, మీరు తప్పు సేసేదా? అచ్చుతప్పని రాసేద్దాం లెండి. ఈ వయసులో మీకెందుకు చెడ్డపేరు?"

ఒక్క క్షణం ఆ మాట చల్లగా తగిలింది. గుమాస్తాలు తలలెత్తి చూస్తున్నారు. వాళ్ల ముందే నిన్న ఆయన అరిచింది.

"అచ్చుతప్పు కాదు," అన్నాడు వాళ్లకూ వినబడేలా. "ఆ పిల్ల చెప్పింది. నేను వినిపించుకోలేదు."

నిన్నటి వాక్యం కొట్టేసి, ‘పర్మనెంటు చేయవలసింది’ అని రాసి, మునిరామయ్య సంతకం పెట్టేదాకా నిలబడ్డాడు.

తిరిగొచ్చాక, నోట్సు సరిచేసి మళ్లీ పంచడానికి పంకజాక్షి టైపు మిషన్‌లో కొత్త స్టెన్సిల్ ఎక్కించింది. "ఉదాహరణలో సున్నా కాడ ఎవరి పేరు పెడదాం సార్?"

"కుప్పయ్యది."

కింద చేర్చమని ఆయన రెండు వాక్యాలు చెప్పాడు: ‘ఈ తేడా కనిపెట్టినది పంకజాక్షి. చెప్పినా విననిది సౌందరరాజన్.’

మొదటిది టైపు చేసి ఆమె ఆగింది.

"రెండోది వద్దులే సార్."

"టైపు కొట్టమ్మా," అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా.