పెద్ద ఇంజన్

శేషగిరికి ఏ వస్తువూ ఒక్కరోజులో కొనే అలవాటు లేదు. పెళ్ళయిన కొత్తలో మిక్సీ కొనడానికి బీసెంట్ రోడ్డంతా మూడు ఆదివారాలు తిరిగి, చివరికి మొదట చూసిన కొట్లోనే కొన్న మనిషి. గనుల కంపెనీలో పంపుల ఇంజనీరుగా పెర్త్ వచ్చి, పియారా వాటర్స్‌లో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి మారలేదు. "నిదానమే ప్రధానం" అంటాడాయన. "ఆలస్యం అమృతం విషం" అంటుంది భార్య కౌసల్య. కాపురం పెట్టిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఈ రెండు సామెతలకీ పడదు.

ఈసారి కొనాల్సింది యూట్. వెనక తొట్టి ఉన్న బండిని ఈ దేశంలో అందరూ అలాగే అంటారు. దాని వెనక తగిలించి లాగాల్సిన కారవాన్, అంటే చక్రాల మీది ఇల్లు మాత్రం అప్పటికే ఇంటి ముందు నిలబడి ఉంది. ఎవరో ముసలి దంపతులు ఇక తిరగలేక అమ్ముకుంటుంటే, మంచి బేరం కదా అని తీసుకున్నాడు. వాళ్ళే తెచ్చి దింపి వెళ్ళారు. బండి వచ్చింది గానీ ఎడ్లు రాలేదు. ఎదురింటి ద్వారకానాథ్ గారు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తూ, "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా శేషగిరీ!" అని నవ్వి పోయేవారు.

సరదాకి కొన్న కారవాన్ కాదది. కౌసల్యకి రెండేళ్ళ కిందట కిడ్నీలు రెండూ పాడయ్యాయి. పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. రాత్రి పడుకునే ముందు దాన్ని మంచం పక్కనున్న మిషన్‌కి తగిలించుకుంటే, తెల్లారేలోగా మందు నీళ్ళు లోపలికి పంపి, ఒంట్లో మలినాన్ని బయటికి లాగేస్తుంది. మిషన్, కరెంటు, శుభ్రమైన మంచం, ఆ నీళ్ళ సంచులున్న అట్టపెట్టెలు ఉంటే చాలు, ఎక్కడైనా పడుకోవచ్చు. చాలామంది కారవాన్లో వేసుకుని ఊళ్ళు తిరుగుతారని నర్సు ఒకసారి అంది. ఆ మాట కౌసల్య చెవిన పడింది.

"అయితే బ్రూమ్ వెళ్దామండీ," అంది ఇంటికి రాగానే.

బ్రూమ్ అంటే పెర్త్‌కి ఉత్తరంగా రెండు వేల కిలోమీటర్లకి పైమాట. అక్కడ పౌర్ణమి రోజుల్లో సముద్రం వెనక్కి తగ్గి, తడి బురద మీద వెన్నెల మెట్లు మెట్లుగా పడుతుందట. కౌసల్య వంట చేసిన చైల్డ్‌కేర్ సెంటర్లో తోటి ఉద్యోగిని ఒకావిడ ఫోన్లో ఫొటో చూపించింది. అప్పటినుంచీ ఆవిడకి అదే ధ్యాస. దానికో కారణం ఉంది. ఏటా అట్లతద్దికి రోజంతా ఉపవాసముండి, చీర కట్టుకుని పెరట్లో నిలబడేది. చంద్రుడేమో పక్కింటి రేకుల కప్పు దాటితే గానీ కనబడడు. "ఇన్నేళ్ళ నోముల్లో ఒక్కసారైనా అడ్డం లేకుండా ఆయన్ని చూశానా?" అనేది.

యూట్ కొనడానికి వెళ్తే ఇంజన్ గొడవ మొదలైంది. షోరూమ్‌లో గ్రెగ్ అనే సేల్స్‌మన్ చాలా ఓపికమంతుడు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఒకటుంది, ఆరు సిలిండర్లది ఒకటుంది. "రెండూ మూడున్నర టన్నులు లాగుతాయి మేట్," అన్నాడు. శేషగిరికి ఆ సమాధానం ఆనలేదు. లాగడం వేరు, ఆయాసపడకుండా లాగడం వేరు. కారవాన్ బరువుకి తోడు రెండు వారాల డయాలసిస్ పెట్టెలే రెండొందల కిలోలు. వాటి మీద మిషన్, నీళ్ళ ట్యాంకు, వంట సామాను. చిన్న ఇంజన్ అయితే చదును మీద పోతుంది, మరి కొండెక్కాలంటే? మధ్యలో ఆగిపోతే రాత్రికి మిషన్ సంగతేమిటి? ఇంట్లో ఉన్న కాటా మీద పెట్టెల దగ్గర్నుంచి పోపులడబ్బా దాకా అన్నీ తూచాడు.

"నన్ను తూచారా?" అంది కౌసల్య.

"తూచక్కర్లేదు. యాభై రెండని మొన్న క్లినిక్‌లో చెప్పారుగా."

"ఇంకా తగ్గుతాలెండి. చిన్నదే తీసుకోండి."

ఆయన నవ్వలేదు. పెద్దదాంట్లో అరవై లీటర్ల నీళ్ళు ఎక్కువ మోయొచ్చా లేదా అన్న లెక్కలో ఉన్నాడు.

చిన్నది తోలి చూశాడు, పెద్దది తోలి చూశాడు. కారవాన్ లాగడం నేర్పే క్లాసుకి వెళ్ళొచ్చాడు. ఇక్కడ డిసెంబర్లో మొదలయ్యే ఎండాకాలం కాస్తా పోయింది. చివరికి ఏప్రిల్లో ఒక సాయంత్రం టీ తాగుతూ, "ఆరు సిలిండర్లే. ఆర్మడేల్ దాటాక బెడ్‌ఫర్డ్‌డేల్ కొండ ఉంది చూడు, అలాంటి ఎత్తు ఈ బరువంతా వేసుకుని ఎక్కాలంటే అదే ఉండాలి," అని తేల్చాడు. కౌసల్య చేతులెత్తి దణ్ణం పెట్టింది. గ్రెగ్ దగ్గర తెల్లది ఒకటి సిద్ధంగా ఉంది, రేపే తోలుకుపోవచ్చన్నాడు.

అప్పుడు పడింది మూఢం.

ద్వారకానాథ్ గారి ఫోన్లో పంచాంగం ఉంటుంది. అడక్కుండానే చూసి చెప్పడం ఆయన అలవాటు. "శుక్ర మూఢమయ్యా! అది వెళ్ళేసరికి ఆషాఢం తగులుకుంటుంది. వాహనం కొనాలంటే ఇక శ్రావణమే," అన్నారు.

ఇదివరకటి శేషగిరి అయితే నవ్వి ఊరుకునేవాడు. అమావాస్య నాడు ఇంటి తాళాలు తీసుకున్నవాడాయన. కానీ ఈ రెండేళ్ళలో మనిషిలో ఎక్కడో మేకు కదిలింది. పిల్లి ఎదురొస్తే కారు ఆపి కూర్చుంటున్నాడు. తుమ్మితే మంచినీళ్ళు తాగి గానీ గుమ్మం దాటడం లేదు. ఎవరితోనూ చెప్పలేదు గానీ, ఆయనకి ఉన్నది భక్తి కాదు, వట్టి భయం. అంత దూరం, ఎడారి దారి, పక్క సీట్లో కౌసల్య. చూసి చూసి మూఢంలో కొన్న బండిలో ఎక్కిస్తానా అనుకున్నాడు.

"నాలుగు నెలలు ఆగుదాం," అన్నాడు.

కౌసల్య ఆయన ముఖంలోకి చూసింది. "శుక్రుడికి మూఢమైతే ఆయన్ని పడుకోనివ్వండి. మనం చూడబోయేది చంద్రుణ్ణి కదా!"

"నీకేమన్నా అయితే?"

"ఏదైనా అయ్యేలోపే వెళ్దామంటున్నా."

అంతకంటే తేటగా ఏ మనిషైనా ఎలా చెబుతుంది? ఆయనకి వినబడలేదు. గ్రెగ్‌కి ఫోన్ చేసి, శ్రావణ మాసం అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించి, ఆగస్టుకి ఒక బండి బుక్ చేశాడు.

మూఢం వెళ్ళింది. ఆషాఢం నడుమలో ఒక పొద్దున మిషన్ సంచిలోకి వచ్చిన నీళ్ళు మజ్జిగలా మబ్బుగా ఉన్నాయి. కడుపులో ఇన్ఫెక్షన్ అన్నారు. పది రోజులు మందులేసినా లొంగకపోతే ఆ గొట్టం తీసేశారు. ఇక ఆసుపత్రిలో రక్తం కడిగే డయాలసిస్ ఒక్కటే దారి. దానికి ఆవిడ గుండె తట్టుకోలేకపోయింది. కుర్చీలో కూర్చోబెట్టిన ప్రతిసారీ బీపీ పడిపోయి స్పృహ తప్పేది. మెల్బోర్న్ నుంచి కూతురు హరిప్రియ వచ్చింది. డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి, కొనసాగించవచ్చు, ఆపేయనూవచ్చు, ఆపితే వారమో పది రోజులో అని మెత్తగా చెప్పింది.

కౌసల్య తనే అంది. "చాలండీ. నన్ను ఇంటికి తీసుకెళ్ళండి."

శేషగిరి ఆవిడ చెయ్యి వదలకుండా పసివాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చిన మర్నాడే గ్రెగ్ ఫోన్. బండి రెడీ. వద్దని చెప్పబోతుంటే మంచం మీంచి కౌసల్య చెయ్యి ఊపింది. "తెచ్చుకోండి. శ్రావణ శుక్రవారం. ఇంతకంటే మంచిరోజు మళ్ళీ ఎప్పుడొస్తుంది మీకు?" అంది. ఎత్తిపొడుపో ముచ్చటో ఆయనకి తెలియలేదు. వెళ్ళి తెచ్చాడు.

వాకిట్లో కుర్చీ వేసి, దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. బానెట్ మీద పసుపు, కుంకుమ తనే పెట్టింది. హరిప్రియ మోచెయ్యి పట్టుకుంది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. శేషగిరి కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు గిన్నెలోకి వంచాడు.

"ఆ నీళ్ళు ఇలా ఇవ్వండి," అంది కౌసల్య.

ఆయన చెయ్యి టక్కున వెనక్కి వెళ్ళింది. కొబ్బరినీళ్ళలోని పొటాషియం పాడైన కిడ్నీలకి విషంతో సమానం. రెండేళ్ళుగా ఆ ఇంట్లోకి కొబ్బరిబోండం రానివ్వలేదు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవాడు.

"ఇంకా ఏమిటండీ?" అంది మెల్లగా.

ఇచ్చాడు. కళ్ళు మూసుకుని, గుక్క గుక్కకీ ఆగుతూ అంతా తాగింది. తరవాత మూతి తుడుచుకుని, "కారవాన్ తగిలించండి. ఆ కొండేదో ఉందన్నారుగా, చూపించండి," అంది.

"అమ్మా, టూ కోల్డ్ అవుట్‌సైడ్. డాడీ, జస్ట్ రౌండ్ ద బ్లాక్, ఓకే?" అంది హరిప్రియ. అంతలోనే తండ్రి ముఖం చూసింది. తల్లికి జాకెట్ తొడిగి, ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక ఎక్కింది.

నిమ్మకాయలు చితికాయి. ఆర్మడేల్ దాటి కొండ మొదలైంది. ముందు పోతున్న ఒక పాత లారీ రొప్పుతూ ఎడమ వరసలోకి తప్పుకుంది. శేషగిరి అలవాటుగా చెవి రిక్కించాడు. ఇంజన్ గొంతు మారలేదు. వెనక అంత కారవాన్ ఉన్నట్టే లేదు. నెలల తరబడి లెక్కలేసిన ఎత్తు, పల్లంలో పోయినట్టు ఎక్కేసింది.

"బరువు తెలుస్తోందా?" అని అడిగింది కౌసల్య.

"లేదు. అసలేమీ తెలియడం లేదు."

"తెలీదులెండి. పెట్టెలు లేవుగా."

వెనక సీట్లో హరిప్రియ కిటికీ వైపు తిరిగింది. శేషగిరికి రోడ్డు కనబడలేదు. కొండ పైన బళ్ళు ఆపుకునే చోట పక్కకి తీసి ఆపాడు. ఎదురుగా తూర్పున చెట్లు పల్చబడ్డ చోట, ఇంకా ఎండ ఉండగానే చంద్రుడు పైకి వచ్చి ఉన్నాడు. పౌర్ణమికి ఒక్కరోజు తక్కువ. రేకుల కప్పు లేదు, కరెంటు తీగ లేదు. ఆవిడ చాలాసేపు అటే చూసింది.

"ఏవండీ," అంది తరవాత. గొంతులో కోపం లేదు, అందుకే ఆయన ఓర్చుకోలేకపోయాడు. "చిన్న ఇంజన్‌తో అప్పుడే వెళ్ళినా బ్రూమ్ చేరేవాళ్ళం కదూ?"

శేషగిరి స్టీరింగ్ మీద తల ఆనించాడు.

"చేరేవాళ్ళం," అన్నాడు.

ఆవిడ చెయ్యి చాపి ఆయన వీపు మీద వేసింది. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది.