పన్నెండో మంచం తెర

"కొట్టుకుంటోందా?" అని ఫోనులో అడిగి, ఆమె లాప్‌టాప్ మీద వేలు ఆనించి ఎదురుచూసింది.

"ఆ, కొట్టుకుంటోందక్కా. గోడ వారన ఉన్న మంచం," అంది పైనుంచి నర్సు.

"అయితే అది తొమ్మిది."

పేరు కొట్టి, తర్వాతి డబ్బాకు వెళ్లింది. ఆమె ఇక్కడ నొక్కితే, మూడో అంతస్తులో తలుపులు బిగించిన వార్డులో, ఏదో ఒక మంచం తల దగ్గరున్న చిన్న డబ్బా మీద దీపం మిణుకుమిణుకుమంటుంది. ఏ మంచమో నర్సు చూసి చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు ఈమె పేరు పెట్టాలి. ఒక్క పేరు తారుమారైతే ఒకరి తండ్రి ఇంకొకరి తెర మీద ప్రత్యక్షమవుతాడు.

ఆమె కూర్చున్న గది మెట్ల కింద ఉంది. ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది. గోడలకు ఇంకా సబ్బు వాసన పోలేదు. ఇప్పుడు అక్కడ ఇనుప అలమరా నిండా యంత్రాలు, వాటి వెనక జడలల్లినట్టు నీలం కేబుళ్లు. యంత్రాలు వేడెక్కకూడదని గదిని చల్లగా ఉంచారు. మనిషి బిగుసుకుపోతే అడిగేవాడు లేడు. కేబుళ్లు చుట్టివచ్చిన చెక్క చక్రాన్ని బోర్లించి పీటలా చేసుకుంది. పొట్టి మనిషి. ముంజేతులు మాత్రం బలంగా ఉంటాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు చీలి, అప్పట్నుంచీ రెండు పాయలుగానే పెరుగుతోంది. ఒంటి మీద బూడిదరంగు చొక్కా, దాని నిండా జేబులే. టెస్టరుకొకటి, టేపుకొకటి, మరలకొకటి, ఎందుకో తెలియనిది ఒకటి. ఆ చొక్కా కుట్టింది ఆమె మొగుడు. "ఈ ఆఖరిది దేనికండీ?" అని అడిగితే, "నన్ను వేసుకుని తిరగడానికి," అన్నాడు.

పని వివరిస్తే చిన్నదే. పైన ప్రతి మంచం దగ్గరా ఒక కెమెరా, ఒక మైకు, ఒక స్పీకరు, ఒక డబ్బా. ఆ డబ్బా బొమ్మనూ మాటనూ నెట్‌వర్కులోకి పంపుతుంది. కింద హాల్లో ప్రతి తెర వెనకా ఇంకో డబ్బా వాటిని అందుకుని, తెర ముందు కూర్చున్నవాళ్ల మాటను తిరిగి పైకి పంపుతుంది. ఏ పంపే డబ్బాకు ఏ అందుకునే డబ్బా జోడీయో నిర్ణయించేది ఈ సాఫ్ట్‌వేరు. తానో పెళ్లిళ్ల పేరయ్యనని ఆమె చెప్పుకునేది. కుదిరిన సంబంధాలు పచ్చగా, చెడిన సంబంధాలు ఎర్రగా కనిపిస్తాయి.

పాతికేళ్లు హోటళ్లలో, బడుల్లో, ఆఫీసుల్లో ఇదే పని. మొదట్లో నిచ్చెన మోసే కూలీగా చేరింది. నిచ్చెన ఎక్కేవాడు ఒకరోజు రాకపోతే తానే ఎక్కింది, మళ్లీ ఎవరూ దిగమనలేదు. ఒక ఊళ్లో పని అయ్యేలోపు ఇంకో ఊళ్లో పిలుపు. డబ్బాలావిడ అంటే ఆ పనివాళ్లలో అందరికీ తెలుసు. అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. మొగుడు ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. నెలలో సగం రోజులు వాళ్ల కాపురం ఫోనులోనే. అతను మిషను తొక్కుతూ మాట్లాడేవాడు, ఈమె నిచ్చెన మీంచి వినేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లతో "మా ఇంజనీరుగారు ఊళ్లో లేరండీ" అని నవ్వకుండా చెప్పేవాడట. ఆమె చదివింది పదో తరగతి.

అతనికి జ్వరం ముదిరి ఊపిరాడని రోజున కూడా ఆమె ఊళ్లో లేదు. ఏదో హోటలు భోజనాల హాల్లో తెరలు వేలాడదీస్తోంది. మరిది వచ్చి అన్నను ఇక్కడ చేర్చాడు. ఆసుపత్రి వాళ్లు మరిది ఫోను నంబరే రాసుకున్నారు. ఆమె వచ్చేసరికి వార్డు తలుపు మూసేశారు: అంటురోగం, లోపలికి ఎవరికీ ప్రవేశం లేదు. బయటి వాళ్లు చూసుకోవడానికి తెరలు పెడుతున్నారని, ఆ పని తన మేస్త్రీకే వచ్చిందని తెలిసిన రోజు ఆమె గుడ్లనీరు గుడ్లలోనే కుక్కుకుని "నేను చేస్తాను సార్" అంది. రోగి బంధువని తెలిస్తే పనిలోంచి తప్పిస్తారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. వార్డులో డబ్బాలు బిగించింది ఆసుపత్రి వాళ్లే. ఆమె అడుగు మెట్ల కింది గది దాటి పైకి పడలేదు.

ఈ సాయంత్రం తెరలు తెరుస్తారు. మిగతా బంధువులతో పాటు ఒక కుర్చీ లాక్కుని, పనిమనిషిగా కాదు, పెళ్లాంగా కూర్చోవాలి. చెప్పాల్సింది ఒక్క ముక్కే: ఇక పై ఊళ్లకు వెళ్లను. ఆ మాట ఫోనులో ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ముఖం చూసి చెబుదామని దాచుకుంటూ వచ్చింది.

"ఇది పన్నెండు," అంది నర్సు. "అక్కా, దీపం చూసి ఈ బాబాయ్ నవ్వుతున్నాడు!"

ఆమె ఆపింది. మళ్లీ నొక్కింది. ఆపి, మళ్లీ.

"కనిపించింది కదా, ఇంకా ఎన్నిసార్లు?"

"రూఢి చేసుకోవాలి కదమ్మా."

లాప్‌టాప్ మూల చిన్న గడిలో బొమ్మ పడింది. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం పెరిగింది, అదీ తెల్లగా. ముక్కుకు గొట్టాలు. కళ్లు మాత్రం పాతవే. బేరానికి వచ్చినవాణ్ణి చూసినట్టు కెమెరాను కింది నుంచి పైకి చూస్తున్నాడు.

"మాట పరీక్షించాలి," అంది ఆమె, గొంతు సవరించుకుని. "ఏదైనా మాట్లాడమనండి."

"ఎవరది?" గరగరమంటూ వచ్చింది మాట. "ఇంజనీరుగారేనా?"

"అవునండీ. వినిపిస్తోందా?"

"దివ్యంగా. తమరు తిన్నారా?"

నర్సు నవ్వేసింది. "బాబాయ్, ఆవిడ పనిలో ఉంది. కబుర్లు తర్వాత. అంకెలు లెక్కపెట్టు చాలు."

"ఒకటి... రెండు..." అతను ఆగాడు. ఛాతీ ఎగసిపడింది. "మూడు అప్పు పెట్టండి."

"సాయంత్రం తీర్చండి," అంది ఆమె. నర్సు వింటోంది కాబట్టి అంతకంటే ఏమీ అనలేదు.

"తప్పకుండా. నేనెక్కడికి పోతాను?"

ఆ గడి పచ్చబడింది. ఆమె కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. చల్లటి గదిలో, యంత్రాల హోరులో, ఆ ఒక్క క్షణం ఎవరో వెచ్చటి దుప్పటి కప్పినట్టుంది.

అంతలో మేస్త్రీ ఫోను. "అమ్మా, ఒకటి గుర్తుపెట్టుకో. సాయంత్రం పెద్దాఫీసరు వస్తున్నాడు. ఒక్క తెర కూడా నల్లగా కనపడకూడదు."

"కనపడదు సార్."

అది వాళ్ల పనిలో మొదటి పాఠం. హోటల్లో తెర నల్లబడితే ఫోను మోగుతుంది. బొమ్మ కదలకపోతే ఎవరూ గమనించరు. సాఫ్ట్‌వేరులో దానికో గడి ఉంది: బొమ్మ రావడం ఆగిపోతే తెర నల్లబడాలా, చివరి బొమ్మ అలాగే నిలవాలా? ఏ ఊరైనా, ఏ గదైనా ఆమె చెయ్యి దానంతటదే రెండోదాని మీద పడుతుంది. ఈసారీ పడింది. అన్ని తెరలకూ వర్తించమని నొక్కింది. ఫోను చార్జింగుకు పెట్టి, లాప్‌టాప్ మూసి, నిచ్చెన భుజాన వేసుకుని హాల్లోకి నడిచింది.

హాల్లో ఇంకా చేయాల్సింది స్పీకర్ల పని. ప్రతి కుర్చీ పైనా ఒక చిన్న స్పీకరు. ఎవరి మాట వాళ్ల నెత్తినే పడాలి, పక్క కుర్చీకి పోకూడదు. తెరలన్నీ వెలుగుతున్నాయి. కూతురి కోసం వచ్చిన ఒక పెద్దాయన వేళ కాకముందే చేరి, పదకొండో తెర ముందు కూర్చున్నాడు.

"ఇందులో సినిమాలు కూడా వేస్తారా అమ్మా?"

"మీ అమ్మాయే హీరోయిను. ఇంకో సినిమా ఎందుకు?"

"అయితే డైలాగులు లేవే?"

"సాయంత్రం నుంచి. టికెట్టు లేకుండా చూస్తూ మళ్లీ గొడవా?"

పెద్దాయన బోసినోటితో నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. పక్కన పన్నెండో తెర మీద మొగుడు నిద్రపోతున్నాడు. కుడి చెంప కింద చెయ్యి, దుప్పటి గొంతు దాకా. కిటికీలోంచి పడ్డ ఎండ దుప్పటి మడత మీద అరచేతి వెడల్పున మెరుస్తోంది. ఇంట్లోనూ అంతే, మధ్యాహ్నం కళ్లజోడు తీసిపెట్టి మిషను మీద తల వాల్చి నిద్రపోయేవాడు. లేచేసరికి బుగ్గ మీద గుడ్డ అచ్చు పడేది. స్పీకర్లోంచి అతని ఊపిరి వినిపిస్తోంది, ఇసుకలో రంపం లాగినట్టు. కొంతసేపు విన్నది. ఇక వినలేక గోడ మీది మీట తిప్పి, ఆ ఒక్క తెరకు మాట తగ్గించేసింది. చప్పుడు లేకపోతే అతను హాయిగా పడుకున్నట్టే ఉన్నాడు.

ఒక్కో కుర్చీకీ నిచ్చెన జరిపింది, ఎక్కింది, స్పీకరు వంచింది, దిగింది, కింద కూర్చుని విన్నది. మధ్యమధ్య పన్నెండు వైపు చూసింది. పడుకున్నాడు. మంచిదే, రాత్రిళ్లు నిద్ర లేదని మరిది చెప్పాడు. నిచ్చెన మీద ఉండగా చెప్పాల్సిన ముక్కను లోలోపల తిప్పి చూసుకుంది. 'ఇక పై ఊళ్లకు వెళ్లనండీ' అంటే, 'నా వంట తిని బతకగలవా?' అంటాడు. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. మళ్లీ చూసింది. ఇంకా పడుకునే ఉన్నాడు.

మరిది వచ్చేసరికి ఆమె ఆఖరి కుర్చీ దగ్గరుంది. బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"వదినా, ఫోను తియ్యవేం?"

"లోపలుంది. నెమ్మదిగా, ఏమిటా గొంతు? అన్నయ్య పడుకున్నాడు."

మరిది ఆమె చూపిన వైపు చూశాడు. అతని చేతిలో సంచి నేల మీదికి జారింది.

"అదేంటి?" అన్నాడు. తెర దగ్గరికి వెళ్లి, వేలితో ముట్టుకోబోయి ఆగాడు. "వదినా... మధ్యాహ్నం నాకు ఫోను చేశారు. పోయాడని చెప్పారు. దారంతా ఏడుస్తూ వచ్చాను. ఇదిగో, పడుకునే ఉన్నాడు కదా! ఎవరిదో చెప్పబోయి మాకు చెప్పారా?"

అతని ముఖంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు ఆమెకూ ఒక్క క్షణం అంటుకుంది. అంతమంది రోగులు, అన్ని పేర్లు, తారుమారు కావడం ఎంతసేపు? ఆ ఆశతోనే తెర వైపు తిరిగింది.

హాల్లో దీపాలు వేశారు. అద్దాల బయట మసక పడుతోంది. పదకొండో తెర మీద పెద్దాయన కూతురి పక్కనున్న కిటికీ బూడిదరంగులోకి దిగిపోయింది. పన్నెండులో మాత్రం ఎండ అదే మడత మీద, అరచేతి వెడల్పునే ఉంది.

ఆమె నిచ్చెన పట్టుకుంది.

"తప్పు వాళ్లది కాదయ్యా," అంది. "అది మధ్యాహ్నపు బొమ్మ. రావడం ఆగిపోయినా చివరిది అలాగే ఉంచమని నేనే పెట్టాను."

మరిదికి అర్థం కాలేదు. ఆమె రెండోసారి చెప్పలేదు. కుర్చీ లాక్కుని పన్నెండో తెర ముందు కూర్చుంది. జేబుల చొక్కా సర్దుకుంది. అటు వినే డబ్బా లేదని ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా వంగి, నెమ్మదిగా చెప్పింది.

"ఇక పై ఊళ్లకు వెళ్లనండీ."

మరిది గోడకేసి తిరిగి ఏడ్చాడు. పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బంధువులు ఒకరొకరే తలుపు దగ్గర చేరుతున్నారు. ఆమె లేచింది.

"వదినా, ఎక్కడికి?"

"వీళ్లు కూర్చునేలోపు మార్చాలి. రేపు ఇంకొకరు నాలాగే చూస్తూ కూర్చుంటారు."

"అన్నయ్య బొమ్మ పోతుందా?"

ఆమె తల ఊపింది.

మెట్ల కింది గదిలో, అన్ని పచ్చల మధ్య ఒకటి ఎర్రగా ఉంది. బొమ్మ ఆగితే తెర ఏం కావాలో అడిగే గడి తెరిచి, నల్లబడాలన్న దానికి మార్చింది. పన్నెండుకు మినహాయింపు ఇవ్వవచ్చు, సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటుంది. మేస్త్రీ కూడా మెచ్చుకుంటాడు. చీలిన గోటి వేలు చాలాసేపు మీట మీద ఆగింది. తర్వాత అన్ని తెరలకూ వర్తించమని నొక్కింది. గోడ అవతల, హాల్లో, మరిది "అన్నా" అన్నది ఇక్కడికి వినిపించింది.

ఆమె హాల్లోకి తిరిగొచ్చిన కాసేపటికి నర్సు దిగివచ్చి, హాలు పక్క కిటికీ దగ్గర నిలబడింది. పొద్దుటి నుంచి వింటున్న గొంతుకు ముఖం ఇప్పుడు కనిపించింది, చాలా చిన్నపిల్ల.

"అక్కా, ఒకసారి సంబంధించినవాళ్లను పిలుస్తారా? పన్నెండు తాలూకు. ఊపిరి యంత్రానికి ప్లగ్గు చాలక మీ డబ్బా పీకేశాం, ఏమీ అనుకోకండి."

"నేనే," అంది ఆమె.

"మీరు కాదక్కా, పన్నెండో మంచం బాబాయ్ తాలూకు..." నర్సు ఆగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తిన్నారా అని అడిగాడు కదా పొద్దున!"

 నర్సు కళ్లు తుడుచుకుంటూ, బట్టలు కాల్చేస్తారని, ఇదొక్కటే బయటికి ఇవ్వనిచ్చారని చెప్పి, కిటికీ సందులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు జరిపింది.

కవరు లోపల స్పిరిటు తడి ఇంకా ఆరని కళ్లజోడు; ఒక కాడకు మర ఊడిపోయిన చోట నీలం దారం, దగ్గరదగ్గరగా చుట్టి, చివర కనిపించీ కనిపించనంత సన్నగా ముడి వేసి ఉంది.