సవేతా అక్క గొంతు

సవేతా అక్క నోరు మూయించింది నేనే. పాటకు అరమాత్ర ఆలస్యంగా, శ్రుతికి బెత్తెడు పైన పాడేదావిడ. కోతల పండగ ఆరాధన అయ్యాక అందరి ముందూ, "అక్కా, నువ్వు గొంతెత్తితే మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తున్నాయి" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ మరుసటి ఆదివారం నుంచి మందిరానికి రాలేదు.

బిహోర్ కొండల్లో మా సంఘం ఆవిడతో కలిపి పదకొండు మంది. ఆవిడ ఇల్లు లోయకు అవతల, నడిస్తే ముప్పావు గంట. భర్త పోయాక ఒంటరిది. "వెళ్ళి పిలుచుకురా, రఫీలా" అని సంఘపెద్ద తియోఫిల్ అన్న నాకు రెండుసార్లు చెప్పాడు.

"అలక తీరితే ఆవిడే వస్తుందిలే అన్నా" అన్నాను. తర్వాత మంచు పడింది. దారి బాగోలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఐదో ఆదివారం పొగమంచు కిటికీలను కమ్మేసింది. మొదటి పాట ఎత్తుకున్నాం. రెండో చరణంలో నా వీపు వెనక ఇంకో గొంతు కలిసింది. అరమాత్ర ఆలస్యంగా, బెత్తెడు పైన.

తిరిగి చూశాను. ఆవిడ కూర్చునే బల్ల ఖాళీ.

నా పాపమే చెవిలో మోగుతోందనుకున్నాను. కానీ పక్కనున్న కమ్మరి భార్య పాట ఆపేసి నా మణికట్టు పట్టుకుంది. రెండో పాటలోనూ ఆ గొంతు వచ్చింది. మూడో పాటకు ఒక్కొక్కరమే ఆగిపోయాం. ఖాళీ బల్ల దగ్గర నుంచి అదొక్కటే చరణం చివరిదాకా పాడి ఊరుకుంది.

తియోఫిల్ అన్న బైబిలు మూశాడు.

"అందరికీ వినబడింది కదా? అదేమిటో తర్వాత ఆలోచిద్దాం. ముందు బూట్లు తొడుక్కోండి."

లోయ దాటేదాకా ఎవరూ పెదవి విప్పలేదు. ముందు నడిచేవాళ్ళ వీపు కూడా కనబడని పొగమంచు. సవేతా ఇంటి చిమ్నీలో పొగ లేదు. కొట్టంలో మేక గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. లోపల పొయ్యి చల్లగా ఉంది.

"సవేతా అక్కా!" అని కేకేశాను.

కాళ్ళ కింద నుంచి జవాబొచ్చింది. "ఇప్పటికైనా తలుపు తీస్తారా?"

శుక్రవారం బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగుతుంటే నిచ్చెన మెట్టు విరిగి పడిందట. తొడ ఎముక విరిగింది. పైన నేల తలుపు మూసుకుపోయింది. అక్కడ జాడీలో ఊరేసిన క్యాబేజీ పుల్లనీళ్ళు తాగుతూ, ఆపిల్ పళ్ళు కొరుకుతూ ప్రాణం నిలబెట్టుకుంది. మగవాళ్ళు దుప్పట్లో పెట్టి పైకి లాగుతుంటే మా మీద కోప్పడింది.

"పొద్దున్నుంచి నా నెత్తిమీదే నిలబడి పాడుతున్నారు కదా, ఒక్కరికీ బుద్ధి లేదా? మీకు వినబడాలనే నేనూ గొంతు కలిపాను."

మేము పాడింది ముప్పావు గంట దూరంలోని మందిరంలో. ఆ పొద్దున అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ అడుగుపెట్టలేదు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆవిడను మా ఇంట్లోనే పెట్టుకున్నాను. వంతులేసుకుని కమ్మరివాళ్ళు కట్టెలు కొట్టారు, తియోఫిల్ అన్న మేకను చూశాడు. నేను ఒళ్ళు తుడిచేదాన్ని, మొక్కజొన్న సంకటి తినిపించేదాన్ని. ఒకరోజు గిన్నె పక్కన పెట్టి, "క్షమించు అక్కా" అన్నాను.

"దేనికి? సంకటిలో ఉప్పు లేనందుకా?" అంది. తర్వాత చాలాసేపు నా జుట్టు నిమిరింది. "ఏడ్చాననుకో, నువ్వు కోళ్ళ మాటన్న రోజు. కానీ నేలమాళిగలో మీ నాలుగో పాట విన్నాక ఆ బాధంతా పోయింది. ఎంతమంది పాడారే! వందలమంది."

మేము పాడింది మూడే. నాలుగో పాట వేళకు పొగమంచులో, నోరు మెదపకుండా నడుస్తున్నాం. ఆవిడ ఆ పాట కూనిరాగం తీసింది. మాలో ఎవరూ ఎన్నడూ వినని రాగం. ఒక్క మాత్ర తప్పలేదు. భయమేసినా ఆపమనలేకపోయాను.

ఈస్టరుకు కర్ర పట్టుకుని మందిరానికొచ్చింది. ఇప్పుడు ఆరాధన ముగియగానే తియోఫిల్ అన్న పేర్లు పిలుస్తాడు. పలకనివాళ్ళ ఇంటికి మధ్యాహ్న భోజనానికి ముందే ఇద్దరు వెళ్ళాలి. ఎండైనా, మంచైనా. వెళ్ళే ఇద్దరిలో మొదటి పేరు నాదే పెట్టమని నేనే అడిగాను.